మొదటి డబ్బా వాళ్ల చేతికే దొరకాలి

జియోకాషింగ్ అనే ఆటను రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఎవరో ఒకరు ఒక డబ్బాను పార్కులోనో అడవి బాట పక్కనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్‌లోని జీపీఎస్ సాయంతో అక్కడికి వెళ్లి, వెతికి పట్టుకుని, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు. ఆటగాళ్ల మాటలో ఆ డబ్బా పేరు కాష్. ప్రస్తుతం 190కి పైగా దేశాల్లో 30 లక్షలకు మించిన కాష్‌లు ఇలా దాగి ఉన్నాయి. ఆట ఇంత తేలికే అయినా, దాన్ని ఇంట్లోవాళ్లకో స్నేహితులకో అలవాటు చేయడం మాత్రం తేలిక కాదు. ఈ పిచ్చి పట్టిన మనిషి ఆదివారం పూట అందర్నీ కారెక్కించుకుని వెళ్తాడు. ముళ్లపొదల మధ్య గంటసేపు తిప్పుతాడు. చివరికి తానే గోరంత గొట్టం ఒకటి బయటికి తీసి "చూశారా!" అంటాడు. చూడ్డానికి అక్కడేమీ ఉండదు. వచ్చే ఆదివారం పిలిస్తే అందరికీ ఏవో పనులుంటాయి. తప్పు ఆటది కాదు, పరిచయం చేసిన పద్ధతిది. కొత్తవాళ్లు ఈ ఆటలోకి రావాలంటే మొదటి డబ్బా వాళ్ల కంటికే కనబడాలి, వాళ్ల చేతికే దొరకాలి. తీసుకెళ్లినవాళ్ల పనల్లా అలా దొరకడానికి వీలున్న డబ్బాను ఎంచడం, ఆ తర్వాత ఓపిగ్గా పక్కన నిలబడడం.

ఆట పుట్టిన తీరులోనే ఈ మాటకు ఆధారం ఉంది. అమెరికా సైన్యం నడిపే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతంలో 2000 సంవత్సరం దాకా కావాలని పెట్టిన లోపం ఒకటి ఉండేది. శత్రువుల చేతికి పదునైన ఆయుధం అందకూడదని, సామాన్య జనానికి వెళ్లే సంకేతాన్ని కాస్త చెడగొట్టి పంపేవారు. దాంతో పరికరం చూపే చోటికీ అసలు చోటికీ వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశం మేరకు 2000 మే 1 అర్ధరాత్రి ఆ లోపాన్ని తీసేశారు. తెల్లారేసరికి అందరి చేతుల్లోని పరికరాలూ ఇంచుమించు పది రెట్లు మెరుగయ్యాయి. ఆ మెరుగుదల ఏపాటిదో చూద్దామని డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కు చేరువలోని బీవర్‌క్రీక్ దగ్గర చెట్ల మధ్య ఒక నల్ల బకెట్ పెట్టారు. ఆ చోటి అంకెలను ఉపగ్రహ నావిగేషన్ ఔత్సాహికులకు ఇంటర్నెట్‌లో ప్రకటించారు. బకెట్లో పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. కొంత తీసుకోండి, కొంత పెట్టండి అన్నది ఆయన పెట్టిన షరతు. మూడు రోజుల్లో ఇద్దరు వేర్వేరుగా వెళ్లి దాన్ని కనుక్కున్నారు. మొదట చేరిన మైక్ టీగ్, ఆ తర్వాత ఇతరులు దాచిన డబ్బాల వివరాలన్నీ ఒకచోట కూర్చడం మొదలుపెట్టారు. జియోకాషింగ్ అన్న పేరును మే నెలాఖరులో మ్యాట్ స్టమ్ సూచించారు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ 75 డబ్బాల జాబితాతో వెబ్‌సైట్ తెరిచారు. ఇందులో గమనించాల్సింది ఆ బకెట్ గురించి. అది పెద్దది, దారికి అందుబాటులో ఉంది, అంకెలు పట్టుకుని వెళ్లినవాడికి కనబడేలా ఉంది. చిక్కుముడులు, గోరంత గొట్టాలు, తాళ్లతో ఎక్కాల్సిన కొండచరియలు అన్నీ ఆ తర్వాత వచ్చాయి. ప్రపంచానికి ఈ ఆటను పరిచయం చేసింది తేలిగ్గా దొరికే ఒక బకెట్.

కొత్తవాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటే ఉంది, అది జీపీఎస్ ఎంతవరకు తీసుకెళ్తుందన్నది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని మోసుకొచ్చే సంకేతాలను పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, ఒక్కోటి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోన్ తానెక్కడుందో లెక్క కడుతుంది. ఇప్పటి ఫోన్లు జీపీఎస్‌తో పాటు రష్యా, ఐరోపా, చైనా ఉపగ్రహాలనూ వాడుకుంటాయి. శ్రీహరికోట నుంచి 2013లో మొదలైన ప్రయోగాలతో ఇస్రో నిలబెట్టిన నావిక్ సంకేతాన్ని అందుకునే ఫోన్లూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా, అడ్డంకి లేని ఆకాశం కింద మంచి ఫోన్ చూపే చోటులో అయిదు మీటర్ల వరకు తేడా మామూలే. చెట్ల గుబురులో, ఎత్తైన భవనాల మధ్య సంకేతాలకు అడ్డు తగలడం, అవి గోడలకు తగిలి మళ్లడం వల్ల ఆ తేడా ఇంకా పెరుగుతుంది. డబ్బా దాచినవాళ్ల ఫోన్‌లోనూ అంతే తేడా ఉండొచ్చు. రెండూ కలిస్తే మీరు వెతకాల్సింది పది మీటర్ల వలయం. ఈ విషయం తెలియనివాళ్లు బాణం గుర్తు చూపిన చోటే నేలను గీరుతూ, ఫోన్‌ను విదిలిస్తూ, ఆట మోసమని తేల్చేస్తారు. తెలిసినవాళ్లు దగ్గరికి రాగానే ఫోన్‌ను జేబులో పెట్టి కళ్లకు పని చెబుతారు. ఆట అసలు సరుకంతా ఆ చివరి పది మీటర్లలోనే ఉంది. అంతవరకు తీసుకెళ్లేది యంత్రం, అక్కణ్నుంచి వెతికేది మనిషి. ఆ పది మీటర్లనూ అనుభవజ్ఞుడే నడిచేస్తే, వెంట వచ్చినవాళ్లకు మిగిలేది కారు ప్రయాణం మాత్రమే.

అనుభవం ఉన్నవాళ్లు కావాలని అలా చేయరు. ఏళ్ల తరబడి వెతికిన కన్ను వాళ్లది. పార్కులో రాలిన పుల్లలు ఎటుపడితే అటు ఉంటాయి. ఒకచోట మాత్రం పది పన్నెండు పుల్లలు వరసగా, ఒకే కొలతకు విరిచి పేర్చినట్టు కనిపిస్తే, వాటి కింద డబ్బా ఉందని వాళ్లకు ఇరవై అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. చెట్టు తొర్రకు అడ్డంగా నిలబెట్టిన బెరడు ముక్క, చుట్టుపక్కల రాళ్లకన్నా మరీ శుభ్రంగా ఉన్న రాయి, అమెరికా దుకాణాల పార్కింగ్ స్థలాల్లో దీపస్తంభం అడుగున పైకి లేచే లోహపు తొడుగు, ఇవన్నీ వాళ్లకు కొట్టినపిండి. దీనికి తోడు వెబ్‌సైట్ ఒక్కొక్కరి ఖాతాలో ఇప్పటిదాకా దొరికిన కాష్‌ల లెక్క చూపుతుంది. కొత్త డబ్బాను అందరికన్నా ముందు పట్టుకున్నవాళ్లకు ఆటలో ప్రత్యేక గౌరవం. లెక్క పెంచుకునే ఆత్రం ఉన్నవాళ్లు వెంట వచ్చినవాళ్ల నిదానాన్ని భరించలేరు. అయితే ఈ ఆటలో ఆనందం ఎక్కడ పుడుతుందో చూడండి. అప్పటిదాకా మామూలుగా కనిపించిన చోట, మనిషి చేయి పెట్టిన ఆనవాలు హఠాత్తుగా కంటబడే క్షణంలో పుడుతుంది. ఆ క్షణాన్ని ఒకరు చూసి ఇంకొకరికి ఇవ్వలేరు. పొడుపుకథ విప్పాక జవాబు విన్నవాళ్లు తలూపుతారు తప్ప ఎగిరి గంతేయరు. కాబట్టి తీసుకెళ్లినవాళ్లకు డబ్బా కనబడినా నోరు మెదపకుండా ఉండగలగాలి. నాలుగు అడుగులు వెనక్కి వేసి, అడిగినప్పుడు మాత్రమే "ఆ చెట్టు వైపు ఇంకోసారి చూడు" అనాలి. పరిచయం చేయడంలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఈ మౌనమే.

మౌనం ఫలించాలంటే డబ్బా ఎంపిక సరిగ్గా ఉండాలి. దానికి కావలసిన సమాచారమంతా ప్రతి కాష్ పేజీలోనూ ఉంటుంది, చదవడం తెలియాలంతే. మొదట చూడాల్సినవి రెండు అంకెలు. ఒకటి వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండోది అక్కడికి నడవడం ఎంత కష్టమో చెబుతుంది. రెండూ 1 నుంచి 5 వరకు, అర చొప్పున పెరుగుతాయి. నడకకు 1 అని ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా చేరగలరని అర్థం. 5 అని ఉంటే పడవో తాళ్లో ఈతదుస్తులో, ఏదో ఒక ప్రత్యేక సామగ్రి కావాలి. మూడోది డబ్బా పరిమాణం. మైక్రో అంటే పాత కెమెరా రీలు డబ్బా అంత, అందులో కాగితపు చుట్ట తప్ప ఏమీ పట్టదు. రెగ్యులర్ అంటే బూట్ల పెట్టె అంత, పిల్లలకు బొమ్మలు పట్టేది. నాలుగోది చాలామంది చూడనిది, కింద వరసగా ఉండే పాత సందర్శకుల రాతలు. చివరి నాలుగైదుగురు గత నెలలోనే వెళ్లి తేలిగ్గా దొరికిందని రాస్తే నమ్మి బయల్దేరవచ్చు. ఇద్దరు ముగ్గురు వరసగా దొరకలేదని రాస్తే డబ్బా పోయి ఉండే అవకాశమే ఎక్కువ. కొత్తవాళ్ల కోసం రెండు అంకెలూ 1.5 దాటని, రెగ్యులర్ పరిమాణం ఉన్న, ఈమధ్యే ఎవరో పట్టుకున్న డబ్బానే ఎంచాలి. 4 కష్టమున్న మైక్రో దగ్గరికి మొదటి రోజే తీసుకెళ్లడం అన్నప్రాసన నాడే ఆవకాయ పెట్టడం లాంటిది. అనుభవజ్ఞులు ఆ తప్పే ఎక్కువగా చేస్తారు. తమకు నచ్చిన గొప్ప కాష్‌ను ఆత్మీయులకు చూపించాలన్న ప్రేమతోనే చేస్తారు.

తేలిక అన్నది అందరికీ ఒక్కటి కాదు. ఎవరిని తీసుకెళ్తున్నామన్నదాన్ని బట్టి డబ్బా మారాలి. పిల్లలకు దొరకడం ఎంత ముఖ్యమో, దొరికినదాంట్లో ఏదో ఒకటి ఉండడమూ అంతే ముఖ్యం. సైన్యం వాడి వదిలేసిన తూటాల పెట్టెను చాలామంది కాష్‌గా వాడతారు. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉండి వాన నీరు లోపలికి రాదు కాబట్టి. అలాంటి పెట్టె గొళ్లెం విప్పి మూత ఎత్తిన పిల్లలకు గోలీలు, చిన్న కార్లు, స్టిక్కర్లు కనిపిస్తే ఆ ఆదివారం సార్థకమైనట్టే. తీసుకున్నదానికి సమానమైనదో అంతకన్నా మంచిదో అందులో పెట్టాలన్నది నియమం కాబట్టి, ఇంటి దగ్గరే ఒక సంచిలో నాలుగు బొమ్మలు పిల్లల చేతే ఎంపిక చేయించి తీసుకెళ్లాలి. తినేవి పెట్టకూడదు, వాసనకు జంతువులు పెట్టెను చీల్చేస్తాయి. ఒక్కోసారి పెట్టెలో కోడ్ చెక్కిన లోహపు బిళ్ల దొరుకుతుంది. అది ఉంచుకునేది కాదు, ఇంకో డబ్బాకు చేర్చాల్సిన బాటసారి. అలా చేతులు మారుతూ ఖండాలు దాటిన బిళ్లలున్నాయి. నాసా 2020లో అంగారకుడి మీదికి పంపిన పర్సెవరెన్స్ రోవర్‌లో కూడా అలాంటి కోడ్ ఒకటి ఉంది. పదో తరగతి దాటిన పిల్లలకు బొమ్మలకన్నా ఈ కబురు ఎక్కువ ఆకర్షణ. లెక్కలంటే ఇష్టపడే స్నేహితుడికి, పజిల్ విప్పితేనే అసలు అంకెలు తెలిసే మిస్టరీ కాష్ నచ్చుతుంది. అతనికి మొదటి డబ్బా ఇంట్లో కుర్చీలోనే దొరకడం మొదలవుతుంది. చరిత్ర, భూమి పుట్టుక మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఎర్త్‌కాష్‌లున్నాయి. జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా తోడ్పాటుతో 2004లో మొదలైన ఈ రకంలో డబ్బా ఉండదు. రాతి పొరలనో లోయనో చూసి, అక్కడే గమనించి చెప్పగలిగే ప్రశ్నలకు జవాబు పంపాలి.

తెలుగు కుటుంబాల విషయంలో ఈ ఆటకు ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి సాధారణంగా ఆరు నెలల అనుమతితో వెళ్లే తల్లిదండ్రుల పరిస్థితి అందరికీ తెలిసిందే. వారాంతాల్లో నయాగరా, గ్రాండ్ కాన్యన్, గుళ్లు, విందులు. మిగతా అయిదు రోజులూ నాలుగు గోడలు. కారు నడపలేరు, పక్కింటివాళ్లతో మాట కలవదు, నడవడానికి వెళ్తే ఎక్కడికని? ఇంటికి నడక దూరంలో ఉన్న పార్కులో రెండు మూడు కాష్‌లుంటే ఆ నడకకు ఒక గమ్యం ఏర్పడుతుంది. బడి నుంచి వచ్చిన మనవడు ఫోన్ పట్టుకుంటాడు, తాతయ్య చుట్టూ చూస్తాడు. ఇంగ్లిషు ఉచ్చారణతోగానీ రోడ్డు నియమాలతోగానీ ఇక్కడ పని లేదు, కావలసింది నిదానంగా చూసే కన్ను. ఆ విషయంలో ఇద్దరూ సమానులే. "తాతయ్యా, నువ్వే కనిపెట్టావ్!" అని మనవడు అరిచిన చోట, వీడియో కాల్స్‌లో ఎంత ప్రయత్నించినా ఏర్పడని చనువు ఏర్పడుతుంది. లోపలి పుస్తకంలో పేరు ఏ లిపిలో రాసినా చెల్లుతుంది. వెబ్‌సైట్‌లో రాసే నాలుగు మాటలూ తెలుగులో ఉండొచ్చు. అందుకే అమ్మానాన్నలకు వేరే ఖాతా తెరిచి, వాళ్ల లెక్క వాళ్ల పేరునే నడవనివ్వాలి. కొడుకు ఖాతాలో కలిపేస్తే వాళ్లు మళ్లీ వెంట వచ్చినవాళ్లే అవుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లేటప్పుడు నడక అంకె 1 ఉన్నదే ఎంచాలి. నేలమీద కూర్చుని తవ్వాల్సి వస్తుందేమోనన్న భయం అక్కర్లేదు, డబ్బాను పాతిపెట్టడం సాధారణంగా ఆట నియమాలకే విరుద్ధం.

ఇంత తేలిక చేస్తే ఆట రుచి పోదా, ముందే ఏర్పాటు చేసిన విజయం విజయమెలా అవుతుందని అనుభవజ్ఞులు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. జవాబు ఏమంటే, వెతికేవాళ్లకు అది తేలిక కాదు. 1.5 అన్న అంకె వందల డబ్బాలు చూసినవాళ్ల కొలత. మొదటిసారి వెళ్లినవాళ్లకు ఏం వెతకాలో, ఎంత ఎత్తున చూడాలో, దేన్ని ముట్టుకోవచ్చో కూడా తెలియదు. వాళ్లకు ఆ తూటాల పెట్టె కూడా పది నిమిషాల పరీక్షే. పైగా డబ్బాను ఎంచినవాళ్లు దాన్ని ముందే వెళ్లి చూసి రాకపోతే ఇంకా మంచిది. అప్పుడు ఎవరికీ జవాబు తెలియదు, వెతుకులాట నిజంగా ఉమ్మడిది అవుతుంది. అయినా ఒక్కోసారి దొరకదు. వానకు కొట్టుకుపోయి ఉండొచ్చు, తోటమాలి చెత్తనుకుని తీసేసి ఉండొచ్చు. దొరకలేదని వెబ్‌సైట్‌లో నిజాయతీగా రాయడం ఈ ఆటలో పరువు తక్కువ కాదు, దాచినవాళ్లకు అది ఉపయోగపడే సమాచారం. కానీ మొదటి రోజు ఓటమితో ముగియకూడదు. అందుకే చేరువలోనే ఇంకో తేలికైన డబ్బాను వెనకేసుకుని బయల్దేరాలి. ఇరవై నిమిషాలు దాటితే మొదటిదాన్ని వదిలేసి రెండోదానికి నడవాలి. పేజీలో ఉండే సూచన వాడుకోవడంలోనూ మొహమాటం వద్దు. ఇంగ్లిషు అక్షరమాలలో ప్రతి అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి రాసిన రహస్య లిపిలో ఆ సూచన ఉంటుంది. ఫోన్‌లోని ఆట ఆప్‌లో ఒక్క నొక్కుతో విడిపోతుంది. పిల్లలుంటే కాగితం, పెన్సిల్ ఇచ్చి వాళ్లచేతే విప్పించవచ్చు.

రెండో ఆక్షేపణ పెద్దవాళ్లది. ఇంత దూరం వచ్చి, ఇంత వెతికి, చివరికి దొరికింది రబ్బరు బొమ్మేనా అంటారు. నిజమే, డబ్బాలో విలువైనదేదీ ఉండదు. విలువైనది ఉంటే రెండో మనిషి వెళ్లేసరికి డబ్బాయే ఉండదు. ముప్ఫై లక్షల డబ్బాలు తాళం లేకుండా, కాపలా లేకుండా ఆరుబయట నిలబడి ఉన్నాయంటే, అందులో దోచుకోదగినది లేకపోవడం ఒక కారణం. ఆడేవాళ్లు ఒకరినొకరు చూడకుండానే నమ్ముకోవడం ఇంకో కారణం. ఈ వాదన విని పెద్దవాళ్లు ఒప్పుకుంటారని కాదు. ఒప్పించాల్సిన పని కూడా లేదు. డబ్బా వాళ్లంతట వాళ్లకు దొరికితే ఈ ప్రశ్న రాదు, ఇంకొకరు తీసి చూపిస్తేనే వస్తుంది. ఇక అడవుల్లో ప్లాస్టిక్ డబ్బాలు పెట్టడం చెత్త పారేయడంతో సమానం కాదా అన్న పర్యావరణ ప్రేమికుల అభ్యంతరం మరింత బరువైనది. ఇందులో నిజం ఉంది కాబట్టే నియమాలు పుట్టాయి. డబ్బా పెట్టినవాళ్లు దాన్ని చూసుకుంటూ ఉండాలి, పట్టించుకోకపోతే జాబితా నుంచి తీసేస్తారు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. అమెరికా జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టడానికి వీల్లేదు, అక్కడ ఎక్కువగా ఉండేవి డబ్బా లేని ఎర్త్‌కాష్‌లు, వర్చువల్ కాష్‌లే. డబ్బా వెతకడానికి వెళ్లినవాళ్లు దారిలో చెత్త ఏరుకురావాలన్న ఉద్యమం 2002 నుంచి నడుస్తోంది. కొత్తవాళ్ల చేతికి మొదటి రోజే ఒక చెత్త సంచి ఇస్తే ఈ అభ్యంతరానికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ భద్రతది. పబ్లిక్ స్థలంలో పొదలు వెతికే మనిషి ఎవరికైనా అనుమానాస్పదంగానే కనిపిస్తాడు. 2011 జులైలో ఇంగ్లండ్‌లోని వెథర్‌బీ పట్టణంలో ఒక కాఫీ దుకాణం బయట పూలతొట్టి కింద ఏదో పెడుతున్న మనిషిని చూసి పోలీసులకు కబురు వెళ్లింది. వీధి ఖాళీ చేయించి, బాంబు నిపుణులను పిలిపించి ఆ డబ్బాను పేల్చేశారు. తీరా అది జియోకాష్. 2018లో ప్రాగ్ నగరంలో భూగర్భ కాల్వలో కాష్ కోసం దిగిన బృందాన్ని ఒక్కసారిగా వచ్చిన వాన నీరు ముంచెత్తి ఇద్దరి ప్రాణాలు తీసింది. ఈ రెండు సంఘటనలూ ఆటను మానుకోమని చెప్పవు, మొదటి డబ్బాను ఎక్కడ ఎంచాలో చెబుతాయి. తెరిచిన ప్రదేశం, పగటి వెలుగు, నలుగురూ నడిచే పార్కు బాట చాలు. రైలు పట్టాల పక్కన, వంతెనల కింద, బడుల చుట్టుపక్కల, ప్రైవేటు ఇళ్ల ముంగిట కొత్తవాళ్లతో వెతుకులాట వద్దు. ఎవరైనా ఆపి అడిగితే దాచకుండా ఫోన్‌లో ఆట పేజీ చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆటతో సంబంధం లేని బాటసారులకు హ్యారీ పాటర్ నవలల నుంచి తెచ్చుకున్న మగుల్స్ అన్న పేరు పెట్టి, వాళ్ల కంటపడకుండా వెతకడం ఒక సరదాగా నడుస్తోంది. కానీ మన భాష తెలియని దేశంలో, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ సరదాకు పోకపోవడమే మేలు. తొర్రలో చేయి పెట్టేముందు కర్రతో కదపడం, అమెరికాలో పాయిజన్ ఐవీ ఆకును గుర్తుపట్టడం, ఇంటికి రాగానే పిల్లల కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూడడం కూడా పరిచయంలో భాగమే.

మన రాష్ట్రాల్లో ఈ ఆట ఎందుకు వ్యాపించలేదన్న ప్రశ్నకు జవాబు కూడా కొంత ఇక్కడే ఉంది. అమెరికా, జర్మనీలతో పోలిస్తే మన దేశంలో కాష్‌లు చాలా తక్కువ. 2007 ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గరా, 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లోనూ పేలుళ్లు చూసిన హైదరాబాద్‌లో, యజమాని లేని డబ్బా కనిపిస్తే జనం బెదరడం సహజం, బెదరాలి కూడా. రద్దీ చోట్ల డబ్బా దాచి ఇదొక ఆట అనడం బాధ్యత గల పని కాదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల రాళ్ల సందుల్లో దాచడం అంతకన్నా తప్పు. సెలవులకు ఇంటికి వచ్చినవాళ్లు ఊరి చివర ఒక డబ్బా దాచి తిరిగి విమానం ఎక్కేస్తామంటే, చూసుకునే దిక్కు లేని డబ్బాను నిర్వాహకులే సాధారణంగా ఒప్పుకోరు. వచ్చేవాళ్లు ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి. అడవి నడకల కోసం వాడే ఉపగ్రహ సందేశ పరికరాలను ముందస్తు అనుమతి లేకుండా మన దేశంలోకి తేవడం చట్టవిరుద్ధం, ఆటకు ఫోన్ చాలు. డబ్బాలు లేవని పరిచయం ఆగక్కర్లేదు. ప్రహరీ ఉన్న అపార్ట్‌మెంట్ సముదాయంలోనో, సొంత మామిడి తోటలోనో ఒక స్టీలు టిఫిన్ డబ్బా దాచి, ఫోన్ మ్యాప్‌లో ఆ చోటిని వేలితో నొక్కిపట్టి వచ్చిన అంకెలను పిల్లలకు కాగితం మీద రాసిస్తే ఆట మొదలైనట్టే. వేసవి సెలవుల్లో పది మంది పిల్లలు చేరిన ఇంట్లో ఇందుకు ఖర్చు కూడా ఉండదు. అక్షాంశం, రేఖాంశం అన్న మాటలు బడి పుస్తకంలోంచి పెరట్లోకి వస్తాయి.

ఆక్షేపణలన్నీ తూచి చూస్తే తేలేది ఒకటే. జియోకాషింగ్‌ను పరిచయం చేయాలంటే ఆట మీద ప్రేమ చాలదు, వెంట వచ్చేవాళ్ల మీద శ్రద్ధ కావాలి. వాళ్ల వయసు, మోకాళ్లు, భయాలు, ఇష్టాలు చూసి డబ్బాను ఎంచితే ఆట తన పని తాను చేసుకుంటుంది. ఆప్ ఉచితంగానే దొరుకుతుంది. ఉచిత ఖాతాకు కనిపించేవి కొన్ని డబ్బాలే అయినా మొదటి రోజుకు అవి సరిపోతాయి. ఈ వారాంతం మీ ఊళ్లో ఒక తేలికైన డబ్బా చూసుకోండి. ఒక పెన్ను, నాలుగు బొమ్మలు, నీళ్ల సీసా, చెత్త సంచి సర్దుకోండి. ఫోన్ వాళ్ల చేతికివ్వండి. మీకు ముందే కనబడినా కనబడనట్టే ఉండండి.